మోహిని వేషము మొదలు సీత పాత్ర వరకు: శ్రీమతి అంజలీదేవి

పీఠికాపురమునకు నాటకము క్రొత్తది గాదు. ఈ సంస్థానమున నాటకకవిగా నుండిన పానుగంటి లక్ష్మీనరసింహారావుగారి 'పాదుకాపట్టాభిషేకము', 'కంఠాభరణము' ఆంధ్రదేశమంతట ప్రదర్శింపబడినవి. మహారాజా సూర్యారావు బహద్దూరువారు విద్యకును, భాషకును చేసిన సేవకు సూర్యరాయాంధ్ర నిఘంటువును, కాకినాడ కళాశాలయు సాక్ష్యములు. అయినను ఆ కాలపు రంగస్థలముపై స్త్రీ పాత్రలను సామాన్యముగా పురుషులే ధరించెడివారు. స్థానం నరసింహారావుగారి సత్యభామను చూచి స్త్రీలే ఆ నడకను, ఆ చీరకట్టును నేర్చుకొనిరని పెద్దలు చెప్పుకొనుట కలదు. ఎవరైన ఒక స్త్రీ రంగమెక్కినచో ఆమెను చూచుటకు జనము పోటెత్తుదురు గాని, తమ ఇంటి పేరంటమునకు పిలుచుటకు మాత్రము జంకుదురు. అట్టి దినములలో రంగమెక్కి, తుదకు పల్లెపల్లెన సీతమ్మగా చేతులెత్తి మ్రొక్కించుకొన్న నటీమణి మన పొరుగూరి బిడ్డయే యగుట ఈ ప్రాంతమువారు తలచుకొనదగిన విషయము.

పిఠాపురమునుండి సామర్లకోట మీదుగా పోయినచో పెద్దాపురము కొద్ది క్రోసుల దూరము. అచ్చట 1927వ సంవత్సరము ఆగస్టు 24వ తేదీన ఆమె జన్మించెను. ఇంట పెట్టిన పేరు అంజమ్మ. రంగస్థలముపై అంజనీకుమారి. అంజలీదేవి యను పేరు వెండితెరకు వచ్చిన పిమ్మట ఏర్పడినది. పేరు రెండుమార్లు మారినను, ఆమె నటనకు పునాది మారలేదు. అది కాకినాడలో పడినది.

కాకినాడ యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్బు అను నాటకసమాజము ఆ దినములలో నటులకొక పాఠశాల వంటిది. ఎస్. వి. రంగారావుగారు, రేలంగి వెంకట్రామయ్యగారు మొదలైనవారు దానితో సంబంధమున్నవారే. సంగీతజ్ఞులైన ఆదినారాయణరావుగారు ఆ సమాజమునకు నాటకములు కూర్చుచు, బాణీలు కట్టుచు ఉండిరి. బాల్యముననే లోహితాస్యుని వేషము వేసిన ఈ బాలికకు అచ్చట నృత్యము, పాట, వాచికము అలవడినవి. తరువాత ఆదినారాయణరావుగారే ఆమెకు భర్త అయిరి. ఈ దాంపత్యమును లెక్కలోనికి తీసికొనక అంజలీదేవి కళాజీవితమును వివరించుట సాధ్యము కాదు. ఆయన హార్మోనియముపై పుట్టిన పాటలలో ఎన్నియో ఆమె పాత్రల కొరకు పుట్టినవే.

ఎల్. వి. ప్రసాదుగారు 1943లో 'కష్టజీవి' యను చిత్రమును ఆమెతో ప్రారంభించిరి. మూడు రీళ్లు తీసిన పిదప అది నిలిచిపోయినది. మదరాసు వెళ్లి ఉత్త చేతులతో మరలివచ్చిన నాటకనటులు ఈ సీమలో ఎందరో గలరు. ఆమె కథయు అంతటితో ముగిసియుండవచ్చును. కాని కాకినాడవారే యగు చిత్తజల్లు పుల్లయ్యగారు ఆమె నటనను చూచి, 1947లో విడుదలయైన 'గొల్లభామ'లో మోహిని వేషమిచ్చిరి. అంజనీకుమారిని అంజలీదేవిగా మార్చినదియు వారే. ఆ చిత్రమునకు కథానాయిక కృష్ణవేణిగారు. మోహిని అచ్చరకన్య, కథానాయకుని నాయికకు దూరము చేయునట్టి పాత్ర. చూడవచ్చినవారు ఈ క్రొత్త పిల్ల కన్నులను, అడుగులను మెచ్చుకొనిరి.

ఆ మెప్పే ఆమెకు కొంత చిక్కు తెచ్చిపెట్టినదనవలెను. సినిమాలోకము ఒకసారి ఒకరికి వేసిన ముద్రను సులభముగా చెరపదు. 1949లో వచ్చిన 'కీలుగుఱ్ఱము'లో ఆమె రాజును వలపించి రాణియైన రాక్షసి. 1951 నాటి తమిళచిత్రము 'మర్మయోగి'లో రాజ్యమునే కాజేసిన ఊర్వశి. అందము, ఆట, కపటము ఈ మూడును కలిసిన పాత్ర యున్నచో అంజలీదేవిని పిలువుడనునంత వరకు వచ్చినది. మధ్యలో, 1950లో, బి. ఎ. సుబ్బారావుగారి 'పల్లెటూరి పిల్ల'లో మాత్రము ఆమె ముగ్ధయైన కథానాయికగా కనిపించెను. ఎన్. టి. రామారావుగారును, అక్కినేని నాగేశ్వరరావుగారును మొదటిసారి కలిసి నటించిన చిత్రమని దానిని అందరు తలచుకొందురు గాని, ఆమెను వేరొక కంటితో చూపిన చిత్రమని గూడ తలచుకొనవలెను.

ఇతరులిచ్చిన వేషము వేయుచున్నంత కాలము ముద్ర మారదని ఆ దంపతులు గ్రహించిరి కాబోలు. అంజలీ పిక్చర్సు అను సొంత సంస్థను నెలకొల్పిరి. 1953లో వచ్చిన 'పరదేశి'కి దర్శకులు ఎల్. వి. ప్రసాదుగారు! పదేండ్ల క్రిందట మూడు రీళ్లతో ఆగిన పని వేరొక విధముగా పూర్తియైనట్లయినది. ఇంటి ఆడది నిర్మాతగా నిలిచి, కథను ఎన్నుకొని, సొమ్ము పెట్టి, లాభనష్టములకు తలయొగ్గుట ఆనాడు సామాన్యమైన సాహసము కాదు. వేదాంతం రాఘవయ్యగారి దర్శకత్వమున 1955లో 'అనార్కలి' వచ్చెను. అక్బరు పాదుషాగా ఎస్. వి. రంగారావుగారు, సలీముగా నాగేశ్వరరావుగారు, వారి నడుమ నాట్యకత్తెగా అంజలీదేవి. ఇచ్చట గమనింపదగిన దొకటి కలదు. అనార్కలియు ఆడి పాడు స్త్రీయే. సభలో నర్తించు స్త్రీయే. కాని ఈమారు ప్రేక్షకుడు ఆమె ఆటను మాత్రమే చూచి తృప్తి నొందలేదు, ఆమె కొరకు కన్నీరు పెట్టెను.

1957 నాటి 'సువర్ణసుందరి' ఇంకను విచిత్రము. అందులోని నాయికయు, 'గొల్లభామ'లోని మోహినివలె, దేవలోకపు నర్తకియే. పదేండ్లలో ఆ అచ్చరకన్య పరుల సంసారములో అడ్డుపడునది కాక, తన భర్తకు, తన బిడ్డకు దూరమై అష్టకష్టములు పడు ఇల్లాలుగా మారినది. వేషము పాతదే, దానిలో ప్రవేశపెట్టిన మనస్సు క్రొత్తది. ఆ చిత్రమును తమిళమునను, హిందీలోను గూడ తీసిరి. ఆదినారాయణరావుగారు అనేక రాగములను మాలికగా కూర్చిన యుగళగీతమును హిందీలో లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడగా ఉత్తరదేశము విన్నది. కాకినాడ నాటకసమాజమున బాణీలు కట్టిన చేయి బొంబాయి వరకు చాచినది.

సీతమ్మ కథకు వచ్చుటకు ముందు 'లవకుశ' పూర్వచరిత్ర కొంత చెప్పుట అవసరము. పుల్లయ్యగారు 1934లోనే కలకత్తాలో ఈస్టిండియా ఫిలిం కంపెనీ వారికై 'లవకుశ' తీసిరి. పారుపల్లి సుబ్బారావుగారు రాముడు, శ్రీరంజనిగారు సీత. పల్లెలనుండి జనము బండ్లు కట్టుకొని పట్టణములకు వచ్చి ఆ చిత్రము చూచిరి. ఆ శ్రీరంజని సీత జనుల హృదయములలో నిలిచియుండగానే, అదే పుల్లయ్యగారు 1958లో శంకరరెడ్డిగారు నిర్మాతగా, రంగులలో మరల 'లవకుశ' నారంభించి, సీత పాత్రకు అంజలీదేవిని ఎన్నుకొనిరి. మోహినిని చేసినవారే ఆమెను సీతను చేయదలచుట చూచువారికి వింతగా తోచియుండును. గురువునకు శిష్యురాలి లోపలి శక్తి తెలియును గదా!

పని సాగలేదు. ధనము చాలక చిత్రీకరణము నిలిచిపోయినది. మరల ఆరంభించునాటికి పుల్లయ్యగారి ఆరోగ్యము సహకరింపనందున వారి కుమారుడు సి. ఎస్. రావుగారు దర్శకత్వభారము వహించిరి. ఈలోపల లవకుశులుగా నటించిన బాలురు ఎదిగిపోయిరని నిర్మాత కలత చెందిరట. 1963 మార్చి 29వ తేదీన, ఆరంభించిన అయిదవ ఏట, చిత్రము విడుదలయైనది. తెలుగున సంపూర్ణముగా రంగులలో తీయబడిన మొదటి చిత్రమదియే. రామారావుగారు రాముడు, సంగీతము ఘంటసాలగారిది. చాకలి కుటుంబపు పాత్రలలో రేలంగిగారు, సూర్యకాంతముగారు కనిపింతురు. సూర్యకాంతముగారిది కాకినాడ చెంతనున్న వెంకటకృష్ణరాయపురము. సీత పెద్దాపురమునుండి, దర్శకులైన తండ్రికుమారులు కాకినాడనుండి! అయోధ్య కథయైనను, తెరమీదను, తెర వెనుకను సగము మన జిల్లాయే యున్నదనుట అతిశయోక్తి కాదు.

ఆ చిత్రమున అంజలీదేవి చేసిన పని యేమి? తాను నేర్చిన దానిలో అధికభాగమును విడిచిపెట్టుటయే. చురుకైన చూపు, వేగమైన అడుగు, ఒయ్యారపు మెడవంపు, దేనివలన ఆమెకు పేరు వచ్చినదో అవి యన్నియు సీతలో లేవు. లక్ష్మణుడు అడవిలో విడిచిపోవు ఘట్టమున ఆమె తన దుఃఖమును మించి కడుపులోని బిడ్డల భారమును మోయుచున్నట్లే నిలిచినది. ఆశ్రమమున బిడ్డలు తండ్రి పేరడిగినప్పుడు ఆ ముఖమున దాచిన మాట కనిపించును గాని, దాచుచున్నానను నటన కనిపింపదు. కొందరు ఆమె కంఠమున కరుణ కొంత ఎక్కువైనదందురు. పద్యనాటకపు గాలి పీల్చి పెరిగినవారి వాచికమట్లే యుండును; దానిని దోషమనుట న్యాయము కాదు.

ఊరూర టూరింగు టాకీసు గుడారములలో ఆ చిత్రము ఆడిన దినములలో పల్లె స్త్రీలు కొంగుతో కన్నులొత్తుకొనుచు ఇండ్లకు మరలిరి. తరువాత ఆమె పల్లెలకు పోయినచో సాక్షాత్తు సీతమ్మయే వచ్చినదని పాదములకు నమస్కరించిరి. రాక్షసియై రాజును వలపించిన నటియే ఈమె యని వారికి గుర్తు లేదు, లేక గుర్తున్నను పట్టింపు లేదు. దక్షిణభారత నటీనటుల సంఘమునకు ఆమె అధ్యక్షురాలుగా గూడ పనిచేసెను.

పిమ్మట వయస్సునకు తగినట్లు తల్లి పాత్రలకు మారినది. 1972 నాటి 'బడిపంతులు'లో వృద్ధుడైన ఉపాధ్యాయుని భార్యగా ఆమెను ఎరుగనివారు లేరు. 1973లో అంజలీ పిక్చర్సు 'భక్త తుకారాం' తీసినది. 1991లో ఆదినారాయణరావుగారు కీర్తిశేషులైరి. 1994వ సంవత్సరమునకు రఘుపతి వెంకయ్య పురస్కారము ఆమెకు లభించినది.

(ప్రసంగవశమున మరియొకరిని తలచుకొనవలెను. ఈ ఊరి పేరునే తన పేరుగా చేసికొని మదరాసు చేరిన నేపథ్యగాయకులు పిఠాపురం నాగేశ్వరరావుగారు. మాధవపెద్ది సత్యముగారితో కలిసి వారు పాడిన హాస్యగీతములను విననివారరుదు. ఆయనను గూర్చి వేరుగా వ్రాయవలసియున్నది.)

2011లో బాపుగారు ఆ ఉత్తరరామకథనే 'శ్రీరామరాజ్యం' పేర మరల తెరకెక్కించిరి. అప్పటికి అంజలీదేవికి 84 ఏండ్లు. క్రొత్త సీతను చూచి వచ్చినవారు పాత సీతను తలచుకొనిరి, 1963లో శ్రీరంజనిని చూచిన ముసలివారు తలచుకొన్నట్లే. 2014 జనవరి 13వ తేదీన, సంక్రాంతి దినములలో, ఆమె చెన్నపట్టణమున కన్నుమూసెను.