స్ప్లిటర్ నష్టం

స్ప్లిటర్ నష్టం: యాంటెన్నా లేదా కేబుల్ టీవీ సిగ్నల్‌ను పంచే స్ప్లిటర్‌లో, కలిపే కంబైనర్‌లో సిగ్నల్ శక్తికి కలిగే తగ్గుదల. కొలమానం డెసిబెల్.

కారణం: సిగ్నల్‌ను రెండు సమభాగాలు చేస్తే ఒక్కో దారికి సగం శక్తి, అంటే 3.01 డెసిబెల్‌లు తక్కువగా అందుతుంది. లోపలి ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో పోయేది కలిపితే నష్టం సుమారు 3.5, నాలుగు దారుల స్ప్లిటర్‌లో సుమారు 7. అదే పరికరాన్ని తిప్పి కంబైనర్‌గా వాడి వేర్వేరు సిగ్నళ్లను కలిపినా దాదాపు అంతే నష్టం. అప్పుడు సగం శక్తి లోపలి నిరోధకంలో వేడిగా మారుతుంది. ఫ్రీక్వెన్సీలను వేరుచేసే డైప్లెక్సర్‌లో ఈ నష్టం చాలా తక్కువ.

ప్రభావం: అనలాగ్ ప్రసారంలో నష్టం ఎక్కువైతే తెరపై చుక్కలు పడేవి. డిజిటల్‌లో బొమ్మ గళ్లుగా విడిపోయి, ఆపై నిలిచిపోతుంది. కేబుల్ ప్రసారాలు అనలాగ్ నుంచి డిజిటల్‌కు దశలవారీగా మారాయి; తెనాలి మండలంలోని కొలకలూరు వంటి గ్రామాలకు ఈ డిజిటలీకరణ నాలుగో దశ వర్తించింది. దాని గడువు 2017 మార్చి 31.

నివారణ: యాంప్లిఫయర్‌ను స్ప్లిటర్‌కు ముందు అమరుస్తారు. వాడని పోర్టుకు 75 ఓమ్‌ల టెర్మినేటర్ బిగిస్తే ప్రతిఫలనాలు తగ్గుతాయి.