గుణవతి ఇల్లు: సామెతలు 31వ అధ్యాయం నుంచి నరసాపురం లేసు దాకా

సామెతల గ్రంథం చివరి అధ్యాయంలో 10వ వచనం నుంచి 31వ వచనం దాకా గుణవతియైన భార్య వర్ణన ఉంది. హీబ్రూ అక్షరాలు 22, ఈ వచనాలూ 22. ఒక్కో వచనం ఒక్కో అక్షరంతో వరుస తప్పకుండా మొదలవుతుంది. అక్షరమాలా స్తోత్రాలు ఎరిగిన తెలుగు పాఠకులకు ఈ అల్లిక కొత్తేమీ కాదు. తెలుగు సంఘాల్లో పెళ్లి ప్రసంగానికీ, మదర్స్ డే ఆరాధనకూ, స్త్రీల సమాజం వార్షిక కూడికకూ, పెద్దావిడ భూస్థాపనకూ బోధకులు ఎక్కువగా తెరిచే పుట ఇదే. ఇన్నిసార్లు వినబడిన ఈ భాగం నుంచి సంఘం గ్రహించింది మాత్రం తెల్లవారకముందే లేచి వంట చేసే ఓర్పుగల ఇల్లాలినే. బైబిలు చెప్పే స్త్రీ సద్గుణం ఇంటిలోనే పెరుగుతుందన్న మాట నిజం. అయితే ఆ ఇల్లు ఎలాంటిదో తేల్చకుండా ఆ సద్గుణం ఎలాంటిదో తేలదు.

వర్ణనలోని పనులను వరుసగా చూస్తే విషయం స్పష్టమవుతుంది. ఆమె గొర్రెబొచ్చు, అవిసెనార తెచ్చుకుంటుంది. దూరం నుంచి ఆహారం తెప్పిస్తుంది. ఆ విషయంలో కవి ఆమెను వర్తకపు ఓడలతో పోలుస్తాడు. చీకటితో లేచి ఇంటివారికి భోజనం, పనికత్తెలకు వారి వంతు ఏర్పాటు చేస్తుంది. పొలాన్ని చూసి, ఆలోచించి, కొంటుంది. తన సంపాదనతో ద్రాక్షతోట నాటిస్తుంది. పంటె పట్టి కదురు తిప్పుతుంది. అదే చేతిని బీదలకు చాపుతుంది. నారబట్టలు నేయించి అమ్ముతుంది, వర్తకులకు నడికట్లు సరఫరా చేస్తుంది. జ్ఞానంతో మాట్లాడుతుంది, దయగల ఉపదేశం చేస్తుంది. ఆమె సౌందర్యం గురించి కవికి ఆసక్తి లేదు. అందం వ్యర్థమనీ, యెహోవాయందు భయభక్తులున్న స్త్రీయే కొనియాడబడుతుందనీ ముగింపులో తేల్చేస్తాడు. ఈ పద్యం రూపంలో యుద్ధవీరుల ప్రశంసాగీతాలను పోలి ఉందని ఆల్ వోల్టర్స్ అనే పండితుడు వాదించాడు. పురుషుల పరాక్రమానికి వాడే పద్ధతిలో ఉన్ని, నార, పొలం, కూలి లెక్కలను పాడటం ఆ కాలానికి సాహసమే.

ఈ జాబితా వెనుక ఉన్న ఇల్లు నేటి కుటుంబం ఉండే ఫ్లాట్ లాంటిది కాదు. ప్రాచీన ఇశ్రాయేలు పల్లెల తవ్వకాల్లో ఇళ్ల లోపలే తిరగళ్లు, మగ్గపు బరువురాళ్లు, ధాన్యం నిల్వచేసిన జాడీలు దొరికాయి. పిండి విసరడం, నూలు వడకడం, నేయడం, నూనె, ద్రాక్షారసం దాచడం అన్నీ ఇంట్లోనే జరిగేవి. ఆ కుటుంబానికి ఇల్లే కార్ఖానా, ఇల్లే గాదె, ఇల్లే బడి. 1988లో వెలువడిన తన గ్రంథంలో కేరొల్ మేయర్స్ ఇదే ఆధారంగా, ఆ ఇంట్లో స్త్రీ శ్రమ కుటుంబం మనుగడకే మూలమనీ, శ్రమతో పాటు అధికారమూ ఆమెకు దక్కేదనీ చూపింది. సామెతలు 31ని పారసీక పరిపాలన కాలానికి చెందినదిగా చూసే క్రిస్టీన్ యోడర్, ఆ కాలపు సంపన్న స్త్రీల ఆస్తి, వ్యాపార వ్యవహారాలు పద్యంలో కనిపిస్తాయంటుంది. కాలనిర్ణయం గురించి వాదాలున్నా, ఈ స్త్రీ ఆర్థిక నిర్వాహకురాలన్న విషయంలో పెద్ద తేడా లేదు.

పనికత్తెలున్న ఇల్లాలి గుణగణాలు కూలికి పోయే స్త్రీకి ఎలా వర్తిస్తాయి? ఈ ప్రశ్నకు జవాబు బైబిలు పుస్తకాల వరుసలోనే దొరుకుతుంది. 1008 ప్రాంతంలో రాసిన లెనిన్‌గ్రాడ్ ప్రతిలో సామెతల తరువాత వచ్చే పుస్తకం రూతు. సామెతలు గుణవతికి ఇచ్చిన బిరుదునే హీబ్రూ మూలంలో బోయజు రూతుకు ఇస్తాడు. రూతు మోయాబు దేశస్థురాలు, విధవ, పరుల చేలో పరిగె ఏరుకుని అత్త నయోమిని పోషిస్తున్న మనిషి. ఆమెకు పొలం లేదు, ద్రాక్షతోట లేదు, అప్పటికి భర్త కూడా లేడు. అయినా బిరుదు ఒకటే. కనుక సద్గుణానికి కొలత ఇంటి వైభవం కాదు, వివాహ స్థితి కూడా కాదు. నమ్మకంగా మోసిన బాధ్యతే దాని కొలత. పెళ్లికాని స్త్రీలకూ, భర్తను కోల్పోయినవారికీ ఈ భాగం వర్తించదనుకునే బోధకులు రూతును మరిచారనే చెప్పాలి.

ఇంకొక సంగతి సాధారణంగా ప్రసంగాల్లో జారిపోతుంది. 31వ అధ్యాయం మొదటి తొమ్మిది వచనాలు రాజైన లెమూయేలుకు అతని తల్లి నేర్పిన మాటలు. తాగుడుకు లోబడవద్దని, నోరులేనివారి పక్షాన నోరు తెరవమని, దీనులకు న్యాయం తీర్చమని ఆమె కొడుకును హెచ్చరిస్తుంది. అంటే గుణవతి చిత్రాన్ని గ్రంథం ఒక తల్లి బోధ పక్కన నిలిపింది, ఆ బోధ కొడుక్కి చేసినది. కూతుళ్లను మాత్రమే కూర్చోబెట్టి చదివించడం గ్రంథం ఉద్దేశానికి సగమే.

కొత్త నిబంధనలో ఇంటి సద్గుణం గురించి సూటిగా మాట్లాడేది తీతు పత్రిక రెండో అధ్యాయం. క్రేతు ద్వీపంలోని సంఘాల కోసం పౌలు తీతుకు ఇచ్చిన సూచన ప్రకారం వృద్ధ స్త్రీలు యౌవన స్త్రీలకు బోధించాలి. భర్తను, పిల్లలను ప్రేమించడం, స్వస్థబుద్ధి, పవిత్రత, ఇంటి పని చూసుకోవడం, మంచితనం, భర్తకు లోబడటం ఆ బోధలోని అంశాలు. ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. ప్రేమ కూడా నేర్పవలసిన విషయాల్లో మొదటిదిగా ఉంది. పెళ్లితో, ప్రసవంతో దానంతట అదే వచ్చేస్తుందని పత్రిక అనుకోలేదు. నేర్పే బాధ్యతను తీతుకు కాక పెద్ద స్త్రీలకే అప్పగించడం రెండోది. అత్త కోడలికి, అమ్మమ్మ మనవరాలికి, సంఘంలోని పెద్దమ్మ కొత్త పెళ్లికూతురికి వంటింటి అరుగు మీద చెప్పేదే ఆ బోధ. తిమోతి విశ్వాసం మొదట అవ్వ లోయిలోను, తల్లి యునీకేలోను ఉందని పౌలు మరోచోట గుర్తుచేస్తాడు. స్వస్థబుద్ధి అన్న గుణం మాత్రం ఈ అధ్యాయంలో స్త్రీలకే పరిమితం కాలేదు. వృద్ధ పురుషులకూ, యౌవన పురుషులకూ అదే ఆజ్ఞ ఉంది. నిగ్రహం స్త్రీ సొత్తు, కోపం పురుషుడి హక్కు అన్న లోకాచారానికి తీతు పత్రికలో ఆధారం వెతికినా దొరకదు.

పేతురు మొదటి పత్రిక మూడో అధ్యాయం జడలు, బంగారం, వస్త్రాల అలంకారానికి బదులు సాధువైన, మృదువైన మనసును స్త్రీకి అలంకారంగా చెబుతుంది. తెలుగు దేశంలోని కొన్ని పెంతెకొస్తు సంఘాల్లో నగలు విడవడం, తెల్లచీర కట్టడం ఈ వాక్యం నుంచే బలం పొందాయి. ఆ నియమంలో వరకట్నానికి, ఆడంబరానికి ఎదురు నిలిచే శక్తి ఉంది. అయితే నగ తీయడం ఒక్క రోజు పని, నోరు అదుపులో పెట్టుకోవడం జీవితకాలపు పని. కొలవడానికి వీలైన మొదటి దానితో తృప్తిపడి కొలవలేని రెండో దాన్ని వదిలేసే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

అపొస్తలుల కార్యములలోని స్త్రీల ఇళ్లు వీధికి తలుపు తెరిచినవి. యొప్పేలో తబితా విధవరాండ్రకు అంగీలు, వస్త్రాలు కుట్టేది. ఊదారంగు వస్త్రాలు అమ్మే తుయతైర వాసి లూదియ ఫిలిప్పీలో తన ఇంటిని పౌలు బృందానికి విడిదిగా ఇచ్చింది. డేరాలు కుట్టే ప్రిస్కిల్ల భర్త అకులతో కలిసి అపొల్లోకు దేవుని మార్గాన్ని మరింత స్పష్టంగా వివరించింది. సువార్తలోని మార్త, మరియల కథను వంట పనికి వ్యతిరేకంగా చదవడం అలవాటుగా మారింది. యేసు మందలించినది మార్త చింతను, తొందరపాటును. వంట ఆయన లక్ష్యం కాదు.

చర్చి చరిత్రలో ఈ నమూనాకు బాగా దగ్గరగా వచ్చే ఇల్లు విట్టెన్‌బర్గ్‌లో కనిపిస్తుంది. 1523లో మఠం విడిచి వచ్చిన కతరీనా ఫన్ బోరా 1525లో మార్టిన్ లూథర్‌ను పెళ్లాడింది. వారు కాపురం పెట్టింది పాత మఠంలోనే. ఆమె తోట వేసింది, పశువులు పెంచింది, చేపల చెరువు చూసుకుంది, బీరు కాచింది, విద్యార్థులకు డబ్బు తీసుకుని భోజనం, బస ఏర్పాటు చేసింది, తరువాత త్సూల్స్‌డోర్ఫ్ భూమి వ్యవహారమూ నడిపింది. లూథర్ దగ్గర డబ్బు నిలిచేది కాదు. ఇల్లు నిలిచింది ఆమె లెక్కల వల్లే. 1542లో రాసిన వీలునామాలో లూథర్ అప్పటి ఆచారానికి భిన్నంగా ఆస్తిని ఆమె పేరనే పెట్టాడు. ఆమె చేతి పని ఫలం ఆమెకే చెందాలన్న సామెతల చివరి వచనాన్ని ఆచరణలో పెట్టిన అరుదైన సందర్భమిది.

ఇంగ్లాండులోని ఎప్‌వర్త్‌లో సుసన్నా వెస్లీ మరో దారి చూపింది. 19 మంది పిల్లల్ని కన్నది, దాదాపు సగం మంది చిన్నతనంలోనే పోయారు. అప్పులు, 1709 నాటి అగ్నిప్రమాదం, మాటకు ముందు కోపం వచ్చే భర్త, వీటన్నిటి మధ్య రోజూ గంటలకొద్దీ పిల్లలకు చదువు చెప్పింది. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డతో విడిగా కూర్చుని మాట్లాడేది. గురువారం కొడుకు జాన్ వంతు. తన పద్ధతిని 1732లో జాన్‌కు రాసిన ఉత్తరంలో వివరించింది. పిల్లల మొండితనాన్ని తొలినాళ్లలోనే అణచాలన్న ఆమె మాట నేటి తల్లిదండ్రులకు కఠినంగా తోస్తుంది, అది న్యాయమైన అభ్యంతరమే. ఒక్కో బిడ్డకు కేటాయించిన ఆ గంట విలువ మాత్రం తగ్గలేదు. 1711–12 చలికాలంలో భర్త లండన్‌లో ఉండగా ఆమె ఇంట్లో పెట్టిన ఆదివారపు సాయంత్ర ప్రార్థనకు ఇరుగుపొరుగు రావడం మొదలై, గుంపు 200 దాకా పెరిగింది. ఆపమని భర్త రాసినప్పుడు, ఊరికే కోరితే చాలదనీ, దేవుని ఎదుట తన బాధ్యత తీరేలా స్పష్టమైన ఆజ్ఞ ఇవ్వమనీ జవాబిచ్చింది. లోబడటం, మనస్సాక్షి రెండూ ఆ ఒక్క ఉత్తరంలో ఉన్నాయి.

ఇల్లు ఇరుకైనది 19వ శతాబ్దంలో. యంత్రాలు నూలును, నేతను ఫ్యాక్టరీకి తీసుకుపోయాయి. పురుషుడు జీతానికి బయటికి వెళ్లాడు. మధ్యతరగతి ఇల్లు సంపాదన లేని విశ్రాంతి స్థలమైంది. భక్తి, పవిత్రత, విధేయత, గృహాసక్తి అన్న నాలుగు గుణాలతో అప్పటి అమెరికన్ పత్రికలు కట్టిన ఆదర్శ స్త్రీమూర్తిని బార్బరా వెల్టర్ 1966లో తన వ్యాసంలో విశ్లేషించింది. ఆ మూర్తికి బైబిలు మాటలు తొడిగారు గాని, దాని చేతిలో కదురూ లేదు, పొలం దస్తావేజూ లేదు.

తెలుగు నేలకు మిషనరీ దొరసానులు తెచ్చినది చాలావరకు ఆ ఇంటి నమూనానే. క్రైస్తవంలోకి గుంపులుగా వచ్చిన మాల, మాదిగ కుటుంబాల స్త్రీలు నాట్లకు, కోతలకు వెళ్లేవారు. ఇంటిపట్టున ఉండే ఆదర్శం వారి పూట గడవనివ్వదు. బోర్డింగు బడుల్లో కుట్టు, శుభ్రత, చదువు నేర్పడం వల్ల కలిగిన మేలు పెద్దదే. బైబిలు స్త్రీలుగా, టీచర్లుగా, నర్సులుగా ఒక తరం నిలబడింది అక్కడి నుంచే. 1876లో ఇంగ్లాండులో మేరీ సమ్నర్ మొదలుపెట్టిన మదర్స్ యూనియన్ దోర్నకల్‌కూ చేరింది. 1912లో అక్కడికి బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య భార్య అన్బు స్త్రీల మధ్య పని చేసింది. వీటన్నిటికంటే స్థానికమైన ఆచారం పిడికెడు బియ్యం. ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం, ఆదివారం గుడికి తేవడం. మిజోరం సంఘాల్లో ఇదే పద్ధతి 1910 నుంచి సాగుతోంది. గింజలే కూలిగా తెచ్చుకునే ఇంట్లో బీదలకు చేయి చాపడమంటే అదే. ఇందుకు బంగళా అవసరం రాలేదు.

నరసాపురంలో కథ మరోలా నడిచింది. మిషనరీలు 19వ శతాబ్దంలో పేద క్రైస్తవ స్త్రీలకు నేర్పిన క్రోషే లేసు అల్లిక క్రమంగా ఇతర కులాల ఇళ్లకూ పాకి ఎగుమతి వ్యాపారమైంది. 1970ల చివర అక్కడ పరిశోధన చేసిన మరియా మీస్, 1982లో ప్రచురించిన పుస్తకంలో ఒక చేదు నిజం బయటపెట్టింది. ఇంటిపనికి తోడు రోజూ ఆరేడు గంటలు లేసు అల్లే స్త్రీలను ఊరూ, వర్తకులూ, చివరికి వారే కార్మికులుగా లెక్కించలేదు. ఖాళీ సమయంలో కాలక్షేపం చేసే గృహిణులుగా చూశారు. దారం ఇచ్చేది, సరుకు కొనేది, విదేశాలకు అమ్మేది పురుషులు. కూలి వ్యవసాయ కనీస కూలికంటే బాగా తక్కువ. సామెతల స్త్రీ తాను నేసినది తానే అమ్మి, ఆ డబ్బుతో తోట నాటింది. నరసాపురం స్త్రీకి కదురు మిగిలింది, ద్రాక్షతోట పోయింది. ఇంటిపట్టున ఉండటమే సద్గుణమన్న భావన ఇక్కడ తక్కువ కూలికి ముసుగుగా పనికొచ్చింది.

అమెరికాలో 1987 నాటి డాన్వర్స్ ప్రకటన, 1991లో జాన్ పైపర్, వేన్ గ్రూడెమ్ సంకలనం పురుషుడి నాయకత్వాన్ని, స్త్రీ సహాయక పాత్రను సృష్టిక్రమంగా నిలబెట్టాయి. ఇది బైబిలు కంటే చరిత్ర నిర్మించిన ఆదర్శమని 2021లో బెత్ ఆలిసన్ బార్ వాదించింది. ఆ ఇంగ్లీషు వాదం అనువాద పుస్తకాలతో, యూట్యూబ్ ప్రసంగాలతో తెలుగు సంఘాలకూ చేరుతోంది. రెండు పక్షాల్లోనూ లోపముంది. తీతు పత్రికలోని ఇంటి బాధ్యతను తేలిక చేసేవారు పిల్లల పెంపకమనే పెద్ద పనిని చిన్నచూపు చూస్తారు. దాన్నే పట్టుకుని పొలాన్ని, వర్తకాన్ని విడిచేవారు సామెతల గ్రంథాన్ని చదవలేదనే అనుకోవాలి.

కాబట్టి తెలుగు సంఘంలో ఈ అధ్యాయాన్ని బోధించేవారు 15వ వచనంతో పాటు 16, 24, 31 వచనాలనూ చదవాలి. తెల్లవారుజామున లేచినందుకు స్త్రీని పొగిడే గుడి, ఆమె సంపాదన ఎవరి చేతిలో ఉందో, పొలం పట్టా ఎవరి పేర ఉందో కూడా అడగాలి.