కారులోకి పాట వచ్చిన దారులు

మడకశిర నుంచి ఎటు పోవాలన్నా దూరమే. హిందూపురం, గౌరిబిదనూరు, దొడ్డబళ్లాపురం మీదుగా బెంగళూరుకైనా, పెనుకొండ మీదుగా అనంతపురానికైనా గంటల ప్రయాణం. దారి పొడవునా వేరుశనగ చేలు, మల్బరీ తోటలు, రాతిగుట్టలు. ఈ దారుల్లో రాత్రిపూట బండి నడిపేవాళ్లకి పాట కునుకు పట్టకుండా కాపాడే తోడు. జేబులో ఫోనుంది, ఫోన్లో వేల పాటలున్నాయి. అవి కారు స్పీకర్లలోకి చేరేదెట్లా అన్నదే ప్రశ్న. దీనికిప్పుడు అరడజను జవాబులున్నాయి గానీ ఒక్కటీ శూన్యంలోంచి పుట్టలేదు. కొత్తగా వచ్చిన ప్రతి పరికరమూ కారులో అంతకుముందే ఉన్న ఏదో ఒక వాకిట్లోంచే లోపలికొచ్చింది. ఆ వాకిళ్ల సంగతి తెలిస్తే మన బండికి ఏది నప్పుతుందో తేల్చుకోవడం తేలికవుతుంది.

అన్నిటికంటే ముందొచ్చింది రేడియో. 1930లో అమెరికాలో పాల్ గాల్విన్ అనే తయారీదారు తన స్టూడిబేకర్ కారులో రేడియో బిగించుకుని అట్లాంటిక్ సిటీలో జరుగుతున్న రేడియో తయారీదారుల సభకు వెళ్లాడు. లోపల దుకాణం పెట్టుకునే స్తోమత లేదు. బయటే కారు ఆపి శబ్దం పెంచాడు, ఆర్డర్లు సంపాదించాడు. ఆ రేడియోకి పెట్టిన పేరే తర్వాత కంపెనీ పేరూ అయింది: మోటరోలా. ఆయన్నీ ఆయన ఇంజనీర్లనీ బాగా సతాయించింది ఇంజనే. స్పార్క్ ప్లగ్గుల్లో పుట్టే ప్రతి నిప్పురవ్వా రేడియోలో చిటపటలాడేది. కారు కరెంటు పాటను పాడుచేయడమనే ఈ బాధ ఆనాటితో పోలేదు.

1956లో క్రిస్లర్ కంపెనీ ఏకంగా గ్రామఫోనునే కారులో పెట్టింది. నిమిషానికి 16⅔ చుట్లు తిరిగే ప్రత్యేకమైన రికార్డులు తయారుచేయించినా ఆ పద్ధతి ఎక్కువ కాలం నిలవలేదు. మన రోడ్ల మీదికి నిజంగా పాటను తెచ్చింది క్యాసెట్. ఫిలిప్స్ కంపెనీలో లౌ ఒట్టెన్స్ బృందం రూపొందించిన ఈ చిన్న డబ్బీని 1963లో బెర్లిన్ ప్రదర్శనలో తొలిసారి జనం చూశారు. 1968కల్లా కారు రేడియోలో క్యాసెట్ నోరు వచ్చేసింది. మన దగ్గర దాని రాజ్యం 1980లలో మొదలైంది. ఢిల్లీలో గుల్షన్ కుమార్ టీ-సిరీస్ క్యాసెట్ ధరను సామాన్యుడికి అందేలా దించింది. బెంగళూరులో లహరి సంస్థ కన్నడ పాటలతో పాటు తెలుగు పాటలూ అమ్మింది. మడకశిర, అమరాపురం, రొళ్ల, అగళి, గుడిబండ వైపు ఒకే జీపులో ఒక పక్క ఘంటసాల, ఇంకో పక్క కన్నడ నటుడు రాజ్‌కుమార్ పాటలు వినిపించడం వింతేమీ కాదు. ఆ రాజ్‌కుమార్‌కి ఎన్నో ఏళ్లు గొంతునిచ్చిన పి.బి. శ్రీనివాస్ పుట్టింది మన కాకినాడలో. కర్ణాటక ఎల్ల మీద బతికే ఊరికి పాటలో ఎల్ల ఉండదు.

క్యాసెట్‌కి మన ఎండ శత్రువు. డ్యాష్‌బోర్డు మీద మధ్యాహ్నమంతా పడున్న క్యాసెట్ డబ్బీ వంగిపోయేది, టేపు డెక్కులో చుట్టుకునేది. 1982లో పుట్టిన సీడీ 1984లో కారెక్కింది. దానికి దుమ్మూ గతుకులూ రెండూ పడలేదు. లెన్సు మీద దుమ్ము పేరుకుంటే పాట ఎగిరెగిరి పడేది. ఈ ప్రాంతంలో దుమ్ముకు కొదవ లేదు.

ఈలోగా జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఫ్రౌన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు పాటను కుదించే పద్ధతి కనిపెట్టారు. మనిషి చెవి పట్టుకోలేని వివరాలను వదిలేసి మిగిలినది మాత్రమే దాచుకోవడం దాని కిటుకు. 1995 జులై 14న ఆ ఫైళ్లకు ఎంపీ3 అన్న తోక ఖాయం చేశారు. సీడీలో ఒక్క సెకను పాటకు 14 లక్షల బిట్లు కావాలి. ఎంపీ3కి 1 లక్షా 28 వేలు చాలు. అంటే గంటా ఇరవై నిమిషాలు పట్టే సీడీలోనే 12 గంటల పాటలు పడతాయి. బస్టాండుల దగ్గర తోపుడుబళ్ల మీద ఒక్క సీడీలో వంద పైచిలుకు పాటలు అమ్మకానికొచ్చింది ఈ లెక్క వల్లనే. 1998లో కొరియా నుంచి ఎంపీమ్యాన్, 2001లో ఆపిల్ ఐపాడ్ వచ్చాక పాటలన్నీ జేబులోకి చేరాయి. కారు మాత్రం పాతదే. అప్పుడు మొదలైంది వాకిళ్ల వెతుకులాట.

మొదటి వాకిలి క్యాసెట్ నోరు. అమెరికన్ ఇంజనీరు లారీ షాట్జ్ 1980లలో ఒక అడాప్టర్ చేశాడు. పైకి క్యాసెట్ లాగానే ఉంటుంది, లోపల టేపు ఉండదు. డెక్కులో పాటను చదివే హెడ్డుకు సరిగ్గా ఎదురుగా ఇంకో హెడ్డు ఉంటుంది. జేబులోని ప్లేయర్ నుంచి వైరు ద్వారా వచ్చే కరెంటు సంకేతం అక్కడ అయస్కాంత శక్తిగా మారుతుంది, డెక్కు దాన్ని టేపు మీది పాట అనుకుని చదివేస్తుంది. టేపు తిరగడం లేదని డెక్కు ఆగిపోకుండా లోపల చిన్న పళ్లచక్రాలు తిరుగుతుంటాయి. చేతిలో పట్టే సీడీ ప్లేయర్ డిస్క్‌మన్ కోసం పుట్టిన ఈ పరికరం ఫోన్లకూ పనికొచ్చింది. పాత మారుతిలో డెక్కు ఇంకా తిరుగుతుంటే ఈనాటికీ ఇది మేలైన ఉపాయమే.

రెండో వాకిలి రేడియో. తోవ మాత్రం సిగరెట్ లైటర్ గుంట. అక్కడ గుచ్చుకునే ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ మన పాటను నాలుగడుగుల దూరానికి ప్రసారం చేసే బుల్లి రేడియో స్టేషన్. 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య ఖాళీగా ఉన్నచోట దాన్ని నిలిపి, కారు రేడియోనూ అక్కడికే తిప్పుకోవాలి. మడకశిర చుట్టుపక్కల ఆ ఖాళీకి లోటు లేదు, పాట హాయిగా వస్తుంది. బెంగళూరు దగ్గరపడేకొద్దీ వ్యవహారం మారుతుంది. దేశంలో తొలి ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్ 2001 జులైలో మొదలైంది ఆ నగరంలోనే. తర్వాత బ్యాండంతా స్టేషన్లతో నిండిపోయింది. ఒకే ఫ్రీక్వెన్సీ మీద రెండు సిగ్నళ్లు తగిలితే ఎఫ్‌ఎం రేడియో బలమైనదాన్ని పట్టుకుని రెండోదాన్ని అణిచేస్తుంది. దొడ్డబళ్లాపురం దాకా పాడిన అన్నమయ్య కీర్తన యలహంక దగ్గర ఏదో ప్రకటనలో మునిగిపోయేది అందుకే. తప్పు పరికరానిది కాదు, దారిది.

మూడోది ఆక్స్. ఫోనునూ కారు స్టీరియోనూ కలిపే, రెండు కొనలకూ 3.5 మిల్లీమీటర్ల పిన్నున్న ఒక వైరు, అంతే. మధ్యలో ప్రసారం లేదు, అయస్కాంతం లేదు కాబట్టి స్వరం శుభ్రంగా ఉంటుంది. ఫోను లైటర్ గుంటలో చార్జి అవుతూ ఆక్స్‌కీ తగిలించి ఉంటే మాత్రం ఇంజను వేగంతో పాటు పెరిగే ఒక గుయ్ మనే రొద స్పీకర్లలో వస్తుంది. ఆల్టర్నేటర్ నుంచి వచ్చే కరెంటు రెండు దారుల్లో నేలకు చేరడం దానికి కారణం. గాల్విన్ పడ్డ తిప్పలకు ఇది కొత్త రూపం. చార్జరు పీకేస్తే పోతుంది, లేదా ఆ వైరు మధ్యలో పెట్టే చిన్న ఐసొలేటర్ కొనుక్కోవచ్చు. 2016లో ఐఫోన్ ఆ పిన్ను రంధ్రాన్ని తీసేశాక చాలా ఫోన్లు అదే బాట పట్టాయి.

నాలుగోదే మన జనం మనసారా స్వీకరించింది: పెన్‌డ్రైవ్. దాన్ని గుచ్చే వాకిలి యూఎస్‌బీ. 1996లో వచ్చిన ఆ యూఎస్‌బీ రూపకర్తల్లో బరోడాలో ఇంజనీరింగ్ చదివిన అజయ్ భట్ ముఖ్యుడు. 2000లో అమ్మకానికొచ్చిన తొలి పెన్‌డ్రైవ్‌లో పట్టేది 8 ఎంబీ, రెండు పాటలకు సరి. అది 4 జీబీకి చేరేసరికి ఎనిమిది వందల పాటలు పట్టాయి. ఊరూరా ఫోను రీచార్జి కొట్ల మీద ‘పాటలు ఎక్కించబడును’ అన్న బోర్డు వెలిసింది. కంప్యూటరు ముందు కూర్చున్న కుర్రాడు “అన్నా, ఏమేమి ఎక్కియ్యాల?” అని అడిగేవాడు. పాత ఘంటసాల, బాలు మెలొడీలు, భక్తి, రాజ్‌కుమార్ హిట్లు, జానపదాలు ఫోల్డర్లుగా సిద్ధంగా ఉండేవి. ఆటోలూ ట్రాక్టర్లూ పాటలబళ్లయింది ఈ కొట్ల పుణ్యమే. రాసినవాడికీ పాడినవాడికీ దాంట్లో పైసా ముట్టలేదన్నదీ నిజమే, అది అన్యాయమే. కానీ ఇంటర్నెట్ అందని పల్లెకు పాటల భాండారాన్ని అందించింది ఆ కుర్రాళ్లేనన్న సంగతి మన సంగీత చరిత్రలో నమోదు కావాలి.

ఐదోది బ్లూటూత్. 1994లో స్వీడన్‌లోని ఎరిక్సన్‌లో మొదలైన పని ఇది, పాటను స్టీరియోలో పంపే ఏర్పాటు దానికి 2003లో చేరింది. ఎంపీ3గా ఒకసారి కుదించిన పాటను గాల్లోకి పంపేందుకు మళ్లీ కుదిస్తారు. నడుస్తున్న బండిలో టైర్ల చప్పుడు మధ్య ఆ తేడా తెలియడం కష్టం. 2014లో ప్రకటించిన ఆపిల్ కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటోలు ఫోను తెరనే కారులోకి తెచ్చాయి. ఈ చివరి ఘట్టం మడకశిరకు పొరుగునే నడిచింది. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గర కియా కర్మాగారంలో తయారై 2019 ఆగస్టులో మార్కెట్లోకొచ్చిన సెల్టాస్ ఖరీదైన మోడళ్లలో 10.25 అంగుళాల తెర, బోస్ స్పీకర్లు ఉన్నాయి. దుక్కి దున్నిన నేల మీద ఇంత చక్కని పాటలపెట్టెలున్న కార్లు తయారవుతున్నాయంటే సంతోషంగా ఉంటుంది.

ఇక ఎంపిక. కొత్త కారైతే ఆండ్రాయిడ్ ఆటో మంచిదే. ఊరికీ ఊరికీ మధ్య సిగ్నల్ పోయే చోట్లు ఇంకా ఉన్నాయి కాబట్టి పాటల్ని ముందే ఫోన్లోకి దించుకోవాలి. మిగతా అన్ని బళ్లకూ, ముఖ్యంగా బాడుగ బళ్లకు, పెన్‌డ్రైవే ఉత్తమం. దానికి సిగ్నల్ అక్కర్లేదు, చార్జి అక్కర్లేదు, దుమ్ము అంటదు, బెంగళూరు చేరినా మూగబోదు. 32 జీబీది కొనండి. అంతకు పెద్దవి సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వస్తాయి, పాత స్టీరియోలు ఫ్యాట్32 తప్ప చదవలేవు. తెలుగులో రాసిన పేర్లు చాలా స్టీరియోల తెర మీద గళ్లుగా కనిపిస్తాయి, ఫైళ్ల పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టుకోండి. చాలా పరికరాలు పాటలను మీరు ఎక్కించిన వరసలోనే పాడతాయి గనుక ఏది ముందు, ఏది వెనక అన్నది ఎక్కించేటప్పుడే ఆలోచించుకోండి. చివరగా ఒక జాగ్రత్త: ఫోను చేత్తో పట్టుకుని బండి నడపడం మోటారు వాహనాల చట్టానికి వచ్చిన 2019 సవరణ తర్వాత ప్రమాదకర డ్రైవింగ్ కిందికే వస్తుంది. ఏ పద్ధతి ఎంచుకున్నా పాట పెట్టే పని తాళంచెవి తిప్పకముందే ముగించండి.