సెల్లర్ ఫైనాన్సింగ్ (అమెరికా)

ఆస్తి అమ్మేవారే కొనేవారికి అప్పు ఇచ్చే పద్ధతి ఇది. కొనేవారు కొంత సొమ్ము ముందు కట్టి, మిగతాదానికి ప్రామిసరీ నోటు రాసి, ఆ ఆస్తినే తనఖా పెడతారు. అమెరికాలో 30 ఏళ్ల గృహరుణాల సగటు వడ్డీ 1981 అక్టోబరులో 18 శాతం దాటింది. ఇలాంటి అమ్మకాలు బాగా సాగిన రోజులవి.

బేరమంతా ధర, ముందు సొమ్ము, వడ్డీ, గడువుల మీద నడుస్తుంది. వాయిదాలను 30 ఏళ్లకు లెక్కగట్టినా, ఐదేళ్లకో ఏడేళ్లకో మిగిలిన అసలంతా ఒకేసారి తీర్చాలని రాసుకోవడం మామూలే. దాన్నే బెలూన్ పేమెంట్ అంటారు.

'మీరడిగిన ధరే ఇస్తాం, వడ్డీ తగ్గించండి' అనేది కొనేవారు తరచూ అనే మాట. లెక్క చూడకుండా అంటే నష్టమే. ఉదాహరణకు 4 లక్షల డాలర్ల ఆస్తికి 80 వేలు ముందు కడితే, మిగిలిన 3.2 లక్షలకు 6 శాతం వడ్డీతో నెల వాయిదా సుమారు 1,919 డాలర్లు. ధర 20 వేలు పెంచి వడ్డీ 5 శాతానికి దింపితే వాయిదా 1,825కి తగ్గుతుంది. ఐదేళ్లలో మిగిలేది దాదాపు 5,600. కానీ ఐదేళ్లకు బెలూన్ ఉంటే అప్పుడు తీర్చాల్సిన బాకీ 14,400 దాకా ఎక్కువ! గడువు పొడుగ్గా ఉంటే తప్ప ఈ బేరం గిట్టదు.

అమ్మేవారికి మాత్రం ఎక్కువ ధరే ముద్దు. లాభం మీద పన్నును వాయిదాలు అందేకొద్దీ కట్టుకోవచ్చు. వడ్డీ మీద మామూలు ఆదాయపు పన్ను పడుతుంది కాబట్టి, అదే సొమ్ము ధర రూపంలో వస్తే చాలామందికి పన్ను తక్కువ. అయితే గతంలో తరుగుదల కింద మినహాయించుకున్న మొత్తానికి సంబంధించిన లాభంలో కొన్ని రకాలపై పన్ను అమ్మిన ఏడాదే కట్టాల్సి రావచ్చు. వాళ్లు ముందు సొమ్ము దగ్గర పట్టుబడితే కారణం ఇదే కావచ్చు. అడిగి తెలుసుకోవడం మంచిది. వడ్డీని మరీ తగ్గించడమూ కుదరదు. ప్రభుత్వం నెలనెలా ప్రకటించే కనీస రేటుకు దిగువన ఉంటే పన్ను శాఖ ధరలో కొంత భాగాన్ని వడ్డీగానే లెక్కగడుతుంది.

అమ్మేవారికి బ్యాంకులో పాత అప్పు ఉందేమో అన్నిటికన్నా ముందు చూసుకోవాలి. ఆస్తి చేతులు మారితే బాకీ మొత్తం కట్టమనే షరతు బ్యాంకు పత్రంలో ఉంటే, 1982 నాటి గార్న్–సెయింట్ జర్మేన్ చట్టం ప్రకారం సాధారణంగా అది చెల్లుతుంది. ఇక కొనేవారు తమ అప్పు ముందుగా తీర్చినా జరిమానా ఉండదనీ, అవసరమైతే బెలూన్ గడువు ఏడాది పొడిగించవచ్చనీ నోటులోనే రాయించుకోవాలి.