ఏడవని బిడ్డ, దొరకని కేసు షీటు

మెడ నిలవని బిడ్డనో, కాళ్లు కత్తెరలా బిగుసుకున్న బిడ్డనో డెల్టా ఊళ్ల నుంచి విజయవాడ తీసుకొచ్చే తల్లులు డాక్టరుకు మొదట చెప్పే మాట చాలాసార్లు ఒకటే: పుట్టగానే ఏడవలేదు. సెరిబ్రల్ పాల్సీ అనే ఈ జబ్బు చరిత్రంతా ఈ మాట చుట్టూనే తిరిగింది. కష్టకాన్పు, నెలలు నిండకుండా పుట్టడం, ఊపిరాడకపోవడం, ఈ మూడూ పిల్లల అవయవాలు బిగుసుకుపోవడానికి మూలమని 1861లో విలియం జాన్ లిటిల్ లండన్ ప్రసూతి వైద్యుల సంఘం ముందు పత్రం చదివాడు. చాలాకాలం ఆ జబ్బుకు ఆయన పేరే నిలిచింది. 1897లో సిగ్మండ్ ఫ్రాయిడ్ దాన్ని తిరగేసి అడిగాడు: కాన్పు కష్టమై బిడ్డ దెబ్బతిన్నదా, లేక కడుపులోనే దెబ్బతిన్న బిడ్డ కాబట్టి కాన్పు కష్టమైందా? (మనోవిశ్లేషణకు ముందు ఆయన నరాల వైద్యుడే.) ఆ ప్రశ్నకు బలం 1980లలో వచ్చింది. పశ్చిమ ఆస్ట్రేలియా కేసులను పరిశీలించిన బ్లెయిర్, స్టాన్లీ 1988లో, సుమారు 8 శాతంలో మాత్రమే కాన్పు సమయపు ఊపిరాడకపోవడం కారణమై ఉండవచ్చని తేల్చారు.

ఆ అంకె నిజమే. కానీ అది ఒక ప్రాంతపు పిల్లలందరి లెక్క. ఫలానా రాత్రి ఫలానా లేబర్ రూములో ఏం జరిగిందో అది చెప్పదు. అది చెప్పగలిగింది అక్కడ రాసిన కాగితమే. 1999లో అంతర్జాతీయ నిపుణులు కుదుర్చుకున్న ప్రమాణాలు చూడండి: పుట్టినప్పుడు బొడ్డుతాడు రక్తంలో పీహెచ్ 7 కన్నా తక్కువ ఉండాలి, తొలి గంటల్లోనే మెదడు దెబ్బతిన్న లక్షణాలు కనపడాలి. ఇవన్నీ ఎవరో ఒకరు కొలిచి రాస్తేనే తేలేవి. కొలవని చోట తల్లి ఫిర్యాదు రుజువు కాదు, డాక్టరు నిర్దోషిత్వమూ రుజువు కాదు. పరికరాలు లేవనడానికీ వీల్లేదు. 1953లో వర్జీనియా ఆప్గార్ బిడ్డ స్థితికి మార్కులు వేయడం నేర్పింది. నొప్పుల తీరును గంటగంటకూ గీసే పార్టోగ్రాఫును 1972లో ఫిల్‌పాట్, కాజిల్ రొడీషియాలో, పెద్దాసుపత్రికి దూరంగా పనిచేసే మంత్రసానుల కోసమే రూపొందించారు. దానికి కావలసింది కాగితం, కలం, గడియారం.

మన డెల్టాలో కాన్పు ఇంటి నుంచి ఆసుపత్రికి చేరడానికి వందేళ్లకు పైనే పట్టింది. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ కట్టించిన మిషను ఆసుపత్రి, 1926 నాటి మద్రాసు నర్సులు, మంత్రసానుల చట్టం, 2005లో మొదలైన 108 బండ్లు ఆ దారిలోని మజిలీలు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే, 42.4 శాతం సిజేరియన్లు. మంత్రసాని రోజుల్లో ఎవరి దగ్గరా కాగితం లేదు. ఇప్పుడుంది, కానీ ఒక్క పక్షం చేతిలోనే ఉంది.

ఆ కాగితం చూపమని నిలదీస్తే డాక్టర్లు భయపడి ఇంకా కోతలకే దిగుతారని ఒక అభ్యంతరం. యంత్రాలతో కనిపెట్టినా సెరిబ్రల్ పాల్సీ తగ్గలేదుగా అని మరొకటి. రెండోదానికి ఆధారం 1985 నాటి డబ్లిన్ అధ్యయనం: దాదాపు 13 వేలమంది తల్లులు, గుండె చప్పుడు గీసే యంత్రం వాడినా వాడకపోయినా ఈ జబ్బులో తేడా రాలేదు. అయితే అక్కడ యంత్రం లేని తల్లి పక్కన ఒక నర్సు ఆమె కోసమే ఉండి పావుగంటకోసారి బిడ్డ గుండె వింది. పోటీ యంత్రానికీ శ్రద్ధకూ మధ్య, శ్రద్ధ ఓడలేదు. మన లేబర్ రూముల్లో ఒక నర్సు ఎందరిని చూస్తుందో తెలిసినవాళ్లు ఆ అధ్యయనాన్ని నిర్లక్ష్యానికి సాకుగా వాడలేరు. ఇక భయం మాట. 2005లో సుప్రీంకోర్టు ఇచ్చిన జేకబ్ మాథ్యూ తీర్పు, ఫలితం చెడ్డంత మాత్రాన నిర్లక్ష్యం కాదని డాక్టర్లకు గట్టి రక్షణే ఇచ్చింది. అది న్యాయం కూడా. అంతకు ఏడాది ముందే సవితా గర్గ్ కేసులో, రోగి పక్షం ప్రాథమికంగా చూపగలిగితే తమ తప్పు లేదని చూపే భారం ఆసుపత్రిదేనని సుప్రీంకోర్టు చెప్పింది. ఈ రెండు తీర్పులూ కలిసేది కేసు షీటు దగ్గరే. సరిగా రాసుకున్న డాక్టరుకు దాన్ని మించిన సాక్షి లేడు.

కానీ ఆ షీటు ఆయుష్షు చిన్నది. 2002 వైద్యమండలి నిబంధనల ప్రకారం రికార్డును మూడేళ్లు దాస్తే చాలు. వినియోగదారుల ఫిర్యాదుకు రెండేళ్ల గడువు. ఆలస్యాన్ని మన్నించడం కమిషన్ ఇష్టం. ఏడాది దాటినా బిడ్డ నడవకపోతే నిదానంగా వస్తుందిలే అంటారు ఇంట్లో పెద్దలు. జబ్బు పేరు తెలిసి, కారణం అడగాలన్న తెలివిడి వచ్చేసరికి రెండు గడువులూ దగ్గరపడతాయి. ఇంగ్లండులో కాన్పు రికార్డును 25 ఏళ్లు ఉంచుతారు. ఇక్కడ కనీసం బిడ్డకు 18 నిండేదాకా ఉంచమని, డిశ్చార్జి రోజునే పార్టోగ్రాఫు నకలు తల్లి చేతికివ్వమని ఒక్క ఉత్తర్వు చాలు.