బిచ్చమా, విత్తనమా?



మన కదిరి సీమలోని తిమ్మమ్మ మర్రిమానును మీలో అనేకులు చూచియుందురు. దాని కొమ్మలు సుమారు 5 ఎకరముల మేర పరచుకొనియున్నవి. 1989లో అది లోకమందలి మిక్కిలి పెద్ద మర్రిగా గిన్నిస్ పుస్తకమున కెక్కెను. అక్కడ మొదటి మాను ఏదో, ఊడ ఏదో గుర్తించుట కష్టము. ఊడ నేల తాకువరకు తల్లికొమ్మ ఇచ్చు రసము మీదనే బ్రదుకును. నేల తాకి వేరూనిన పిమ్మట అదియే ఒక మానై, తన్ను మోసిన కొమ్మను తానే మోయును.

బీద స్త్రీలు తమ కాళ్ల మీద నిలువబడి, తమ ఊరికి మేలుచేయు నిమిత్తము ఇయ్యబడిన ధనసహాయముల చరిత్రను ఈ నెల మీ యెదుట పెట్టుచున్నాను. ఏ సహాయము వేరూనెను? ఏది గాలిలో వ్రేలాడుచు ఎండిపోయెను? మనము తెలిసికొనవలసినది ఇదియే.

మొదట మిషను చరిత్రలోని సంగతినే చూతము. 1844 ప్రాంతమున గోదావరి తీరమందలి నరసాపురములో మెక్రే అను స్కాట్లండు మిషనెరీ దంపతులు బీద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లుట నేర్పిరి. నూలు వారే ఇచ్చి, అల్లిన లేసును తమ దేశమందలి స్నేహితులకు పంపి, వచ్చిన కానుకలను ఈ పనికి ఉపయోగించిరి. వారి మనస్సు మంచిదే. గాని నూలు ఎక్కడనుండి వచ్చునో, లేసు ఎంతకు అమ్ముడుపోవునో అల్లిన చేతులకు తెలియలేదు. 20వ శతాబ్దములో వ్యాపారము ఎగుమతి వర్తకుల చేతికి పోయెను. మరియా మీస్ అను జర్మను దేశపు పండితురాలు వారిని గూర్చి వ్రాసిన గ్రంథము 1982లో వెలువడెను. ఆ స్త్రీలు దినమునకు 6 నుండి 8 గంటలు లేసు అల్లుచున్నను, అది ఇంటి ఆడువారి తీరిక పని యని లెక్కింపబడుచుండెననియు, లాభము వర్తకులదే యనియు ఆమె చూపెను. పని నేర్పిన సహాయము మంచిదే. గాని పెట్టుబడియు, లెక్కయు, బజారును పరుల చేతిలో నున్నంతకాలము ఊడ నేల తాకలేదు.

అదే 1982లో కేంద్ర ప్రభుత్వము డ్వాక్రా పథకమును మొదట 50 జిల్లాలలో ఆరంభించెను. 15 నుండి 20 మంది స్త్రీలు గల ఒక్కొక్క గుంపుకు 15,000 రూపాయలు ఇయ్యబడెను. అందులో ఒక వంతు కేంద్రము, ఒక వంతు రాష్ట్రము, ఒక వంతు యునిసెఫ్ సంస్థ సమానముగా భరించినవి. ఇందులోని క్రొత్తదనమును గమనించుడి. ఈ సొమ్ము తిని కూర్చుండుటకు కాదు. ఒకామె తీసికొని, పని చేసికొని, మరల కట్టిన పిమ్మట వేరొకామె తీసికొనవలెను. అయినను తొలి యేండ్లలో అనేక గుంపులు నిధి వచ్చిన దినమున పుట్టి, నిధి తీరిన దినమున చెదరిపోయెను. ఏలయనగా వారిని కూర్చినది సొమ్మే గాని, ఒకరియందొకరికి గల నమ్మకము కాదు.

ఆ నమ్మకము ఎట్లు పుట్టునో నెల్లూరు జిల్లా చూపెను. అక్షరాస్యతా ఉద్యమపు రాత్రి బడులకు వచ్చిన స్త్రీలు అక్షరములతోపాటు తమ ఇంటి కష్టములను ఒకరికొకరు చెప్పుకొనసాగిరి. 1992లో దూబగుంట స్త్రీలు, వర్ధినేని రోశమ్మ మొదలగువారు, సారా అంగడిని మూయించిరి. ఆ నిప్పు రాష్ట్రమంతట రాజుకొని 1993 అక్టోబరు 1న సారా నిషేధింపబడెను. సారాకు పోని రూపాయి ఇంట మిగిలెను. దినమునకు ఒక్క రూపాయి దాచుకొను ‘పొదుపు లక్ష్మి’ సంఘములు లేచెను. అంతట వరుస మారెను: మొదట తమ పొదుపు, తరువాత బయటి సహాయము.

ఇది మన దేశములోనే జరిగినది కాదు. అమెరికాలోని రిచ్మండు పట్టణములో మాగీ లీనా వాకర్ అను నల్లజాతి స్త్రీ, 1903లో సెయింట్ లూకు పెన్నీ పొదుపు బ్యాంకును స్థాపించెను. ఆమె తల్లి దాసత్వములో పుట్టి, బట్టలుతికి బిడ్డలను పోషించిన స్త్రీ. ఆ బ్యాంకు పేరులోని పెన్నీ యనగా వారి దేశపు అతి చిన్న నాణెము. తెల్లవారి బ్యాంకులు చిన్నచూపు చూచిన ప్రజల చిల్లర నాణెములే అక్కడ వారికి పెట్టుబడి ఆయెను.

ఇక మన కరవు సీమకు రండి. 1990వ దశకపు నడుమ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ సహాయముతో అనంతపురము, కర్నూలు, మహబూబునగరు జిల్లాలలో స్త్రీల సంఘములను కట్టు పని జరిగెను. 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ‘వెలుగు’ పథకము 6 జిల్లాలలో ఆరంభమాయెను; వాటిలో అనంతపురము ఒకటి. 2022 వరకు మన నంబులపూలకుంట ఆ జిల్లాలోనిదే. చిన్న సంఘములు కలిసి గ్రామ సంఘమును, గ్రామ సంఘములు కలిసి మండల సమాఖ్యను కట్టుకొనెను. పెట్టుబడి నిధి సమాఖ్యకు వచ్చి, గ్రామ సంఘము ద్వారా స్త్రీకి అప్పుగా చేరును. ఒకామె మేకలు కొనును, ఒకామె పాడి గేదెను కొనును, ఒకామె కుట్టుమిషను పెట్టుకొనును. వారు కట్టిన సొమ్ము పైకి తిరిగి పోదు. ఊరిలోనే నిలిచి మరియొక ఇంటికి పోవును. ఈ పాఠమును నేర్చిన మన రాష్ట్రపు స్త్రీలే పిమ్మట బీహారు పల్లెలకు పోయి, అక్కడి స్త్రీలకు సంఘము కట్టుట నేర్పిరి. ఊడ మానైనది!

జహీరాబాదు దగ్గర దళిత స్త్రీల సంఘములు చేసినది మరియొక ఆశ్చర్యము. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో, 1990వ దశకములో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సహాయమును పొంది, బీళ్లుపడిన పొలములను వారు సాగులోనికి తెచ్చిరి. దుక్కికి, ఎరువుకు, విత్తనమునకు రైతు పొందిన సహాయమును జొన్నల రూపమున తిరిగి కొలిచెను. ఆ జొన్నలను ఊరిలోనే గాదెలలో పోసి, ఎవరి ఇల్లు ఎంత బీదదో తామే నిర్ణయించి, ఆకలి నెలలలో తక్కువ ధరకు ఇచ్చిరి. ఒకప్పుడు కూలికి చేయి చాచిన స్త్రీలు ఊరికి ధాన్యము కొలిచి పెట్టిరి. 2019లో ఆ స్త్రీల పనికి ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటరు బహుమానము వచ్చెను.

అయితే చరిత్రలో హెచ్చరికయు కలదు. సంఘములలో స్త్రీలు అప్పు సరిగా కట్టుదురని తెలిసికొని, సూక్ష్మరుణ కంపెనీలు పల్లెల మీద పడెను. ఒక్కొక్క ఇంట మూడు నాలుగు అప్పులు చేరెను. వారము వారము వాయిదాల ఒత్తిడి, వాకిట నిలిచి చేసిన అవమానములు, ఆత్మహత్యలు. 2010 అక్టోబరులో ప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చి వారిని అడ్డగింపవలసి వచ్చెను. విత్తనము పేర ఉరి వచ్చునని ఆ సంవత్సరము మనకు నేర్పెను.

ప్రియులారా, ఎలీషా దినములలో అప్పులపాలైన విధవరాలి సంగతి మీరెరుగుదురు. ఆమెను మొదట అడిగినది, నీ ఇంట ఏమున్నదని. పిమ్మట పాత్రలు ఇచ్చినది ఇరుగుపొరుగువారు. అమ్మినది, అప్పు తీర్చినది ఆమెయే. సహాయము చేయువారు ఈ వరుసను మరువకూడదు.

కాబట్టి మీ ఊరి సంఘమును గూర్చి మూడు ప్రశ్నలు వేసికొనుడి. అక్క పేర వచ్చిన అప్పును ఖర్చు పెట్టుచున్నది ఆమెయేనా, లేక ఇంటి మగవాడా? లెక్కల పుస్తకము చదువురాని చెల్లెలికి వినబడునట్లు అందరి యెదుట చదువబడుచున్నదా? పొదుపు కట్టలేకయో, బెంగుళూరుకు, కేరళకు వలసపోయియో సంఘములో చేరని స్త్రీ మీ వీధిలో ఎవరు? మన మండలములో 2016 నుండి సూర్యకాంతితో విద్యుత్తు పుట్టుచున్నది. ఆ వెలుగు దూరపు ఊళ్లకు పోవుట మంచిదే. మన వీధిలోని ఒంటరి స్త్రీ మాత్రము చీకటిలో నుండకూడదు.

వచ్చే పొదుపు దినమున ఆమె ఇంటికి పోయి, ఆమెను వెంటబెట్టుకొని రండి.