ట్యాపెట్ మూత చరిత్ర

పాత పెట్రోల్ అంబాసిడర్ బానెట్ ఎత్తితే ఇంజను నెత్తిన పొడవాటి రేకు మూత కనిపిస్తుంది. రెండు నట్లు విప్పితే చేతికొచ్చేస్తుంది. కింద వరసగా వాల్వులను తెరిచే రాకర్లు, మూసే స్ప్రింగులు. మూతకూ హెడ్డుకూ నడుమ కార్కు ప్యాకింగు. మెకానిక్కులు ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ అనేది దీన్నే. ఇంటి ముందు సొంతంగా స్పానరు పట్టిన ఎందరికో ఆ మూతే తొలి పాఠం.

కార్లు పుట్టిన కొత్తలో ఈ మూత అన్నిటికీ లేదు. 1904లో అమెరికాలో బ్యూయిక్ కంపెనీ వాల్వులను సిలిండర్ల పైన అమర్చిన ఇంజనుతో కారు తెచ్చింది. రాకర్లు, వాటిని కింద నుంచి నెట్టే పుష్‌రాడ్లు బయటికే కనిపించేవి. 1915లో వచ్చిన షెవ్రొలే 490 కూడా అంతే. దారిలో లేచిన దుమ్మంతా వాటి మీదే పడేది. నూనె చేత్తో వెయ్యాల్సి వచ్చేది. ఫోర్డ్ మోడల్ టీలో వాల్వులు బ్లాకులోనే సిలిండర్ల పక్కన ఉండేవి కాబట్టి పైన రాకర్లే లేవు. తర్వాత తర్వాత పంపుతో నూనెను రాకర్ల దాకా ఎక్కించడం మొదలైంది. నూనె పైకెక్కాక మూత తప్పలేదు, మూత వచ్చాక ప్యాకింగూ తప్పలేదు.

అందుకు కార్కు బాగా కుదిరింది. పోర్చుగల్, స్పెయిన్‌లలో పెరిగే ఓక్ చెట్టు బెరడు అది. ఒకసారి ఒలిస్తే మళ్లీ తొమ్మిదేళ్లు ఆగాలి. అదిమితే పక్కలకు ఉబ్బకుండా అణుగుతుంది గనుక రేకు మూత అంచు ఎగుడుదిగుళ్లను కమ్ముకుంటుంది. వేడికి గట్టిపడి పెళుసెక్కడం దాని లోపం. నూనె కారుతోందని నట్టు ఇంకా బిగిస్తే రేకు వంగి, కారడం ఎక్కువవుతుంది.

హిందుస్థాన్ మోటార్స్ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పాడాలో అంబాసిడర్ మొదలుపెట్టినప్పుడు అందులో ఉన్నది పక్క వాల్వుల ఇంజను. 1959లో దాని స్థానంలో వాల్వులు పైనుండే 1489 సీసీ ఇంజను వచ్చింది. రాకరుకూ వాల్వు కాడకూ మధ్య 15 థౌ, అంటే అంగుళంలో వెయ్యింట పదిహేను వంతుల సందు ఉండాలి. అరిగేకొద్దీ ఆ సందు మారుతుంది; టకటక చప్పుడు వినగానే మూత తీసి, ఫీలర్ గేజి పెట్టి సరిచేయాలి. మూత తీసిన ప్రతిసారీ ప్యాకింగు చూడాల్సిందే. ఇంటి దగ్గర ఈ పని చేసుకునే అలవాటుకు అసలు కారణం ఆ టకటకే.

1983లో మారుతి 800 వచ్చింది. ఆ తర్వాతి తరాల కార్లలో మూతలు అల్యూమినియానికీ ప్లాస్టిక్కుకూ మారాయి, ప్యాకింగు గాడిలో కూర్చునే రబ్బరైంది. చాలా ఇంజన్లలో సందును నూనె ఒత్తిడే సరిచూసుకుంటోంది. ఇక మూత తీసే అవసరం అరుదు. కానీ రబ్బరూ ఎండుతుంది. కొన్నింటిలో నూనె ప్లగ్గు గుంటల్లోకి దిగి ఇంజను మిస్సవుతుంది. ఎగ్జాస్టు మీద పడితే పొగ, కమురు వాసన.

ప్యాకింగు మార్చే పని ఈనాటికీ ఇంట్లో చేసుకోదగిందే. ఇంజను చల్లారాక మూత తీయండి, రెండు అంచులూ శుభ్రంగా తుడవండి, కొత్త ప్యాకింగు వేసి బోల్టులను మధ్య నుంచి బయటికి కొంచెం కొంచెంగా, కంపెనీ చెప్పిన కొలతకే బిగించండి.